నీళ్ళు పోయకూడని మొక్క

ఇశ్రాయేలు మరిగిన నీళ్ళను పొయ్యి మీంచి దించి, గట్టి పెంకు మెత్తబడాలని అందులో తంగేడు గింజలు పోశాడు. ఇది మూడో ప్రయత్నం. మొదటి ఏడు వాటిని కందిపప్పులా ఉడకబెట్టి, మొలకలు రాలేదేమని నెల రోజులు ఎదురుచూసిన ఘనుడు. రెండో ఏడు మొలిచాయి గానీ, పూటపూటా తడిపి కుళ్ళబెట్టాడు. జగ్గయ్యపేట పక్కన సున్నపురాయి క్వారీ నర్సరీలో పాతికేళ్ళుగా నీళ్ళు పోసిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకుంటుందా?

ఈ మూడో ఏటి గింజల్లో నిలిచింది ఒకే ఒక్క మొక్క. నెలలు తిరిగేసరికి మోకాలెత్తున ఉంది. పది రోజులుగా దానికి చుక్క నీరు పోయలేదు. పక్క మొక్కలకు పైపు పట్టినప్పుడల్లా అతనికి ప్రాణం ఉసూరుమనేది.

"దీనికి పొయ్యలేదేంటి పెద్దాయనా?" అన్నాడు సూపర్‌వైజర్ నవీన్‌బాబు.

"అలవాటు చేస్తే చెడిపోద్ది సార్. రేపు నేను లేకపోతే ఎవరు పోస్తారు?"

నవీన్‌బాబు నవ్వి వెళ్ళిపోయాడు. ఇశ్రాయేలు చాలాసేపు దగ్గాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్మేనని, ఎన్నాళ్ళో ఉండవని నందిగామ డాక్టరు మూడేళ్ళ కిందటే తేల్చేశాడు. ఆ మాట అతను ఇంట్లో చెప్పలేదు. భార్య రూతమ్మ సమాధి దగ్గర నాటిన బంతీ, మల్లీ అతను మంచం పట్టిన ప్రతిసారీ ఎండిపోయాయి. తను పోయాక కూడా ఆమె దగ్గర పచ్చగా ఒకటి ఉండాలి. అతనికి మిగిలిన కోరిక అదొక్కటే.

మధ్యాహ్నం మొక్కను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో సమాధుల దొడ్డికి వెళ్ళాడు. గుంత తవ్వుతుండగా కూతురు మెర్లిన్ ఫోన్ చేసింది.

"ఏం చేస్తన్నావు నాన్నా?"

"మీ అమ్మ దగ్గర మొక్క నాటతన్నా."

"నీళ్ళు పోసావా?"

పోయకూడదమ్మా అని నోటిదాకా వచ్చింది. ఎందుకని అడిగితే, నేనుండను గనక అని చెప్పాలి.

"ఆఁ, పోసాలే" అన్నాడు.

మొక్క నాటి, మట్టి అదిమి, సమాధికి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దు వాలాక గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు లేపబోతే లేవలేదు.

రూతమ్మ పక్కనే పూడ్చారు. నాన్న ఆఖరున నాటిన మొక్క అని మెర్లిన్ రోజూ ముక్త్యాల నుంచి బస్సెక్కి వచ్చి నీళ్ళు పోసింది. అడుగున అంతా రాయి, పోసిన నీరు ఇంకే దారి లేదు. ఆకులు పండి రాలుతుంటే, నీళ్ళు చాలడం లేదనుకుంది పిచ్చితల్లి. రెండింతలు పోసింది. ఇరవయ్యో రోజున, మర్నాడు రావడం ఆలస్యమైతే ఎవరైనా పోస్తారని ఒక బకెట్టు నింపి పెట్టి వెళ్ళింది.

ఒక్క ఆకూ లేని పుల్ల పక్కన, నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు, అంచుదాకా నీళ్ళతో.