మూడో షెడ్డు కమ్మీ

అడ్డగీత తిన్నగా వచ్చిందో లేదో ఒక కన్ను మూసి చూసుకుని, గీతల మామ నిలువుగీత పక్కన నాలుగు వేళ్ళు ఆనించాడు. నూరు సీసాలకు బెత్తెడు. షెడ్డుకొకటిగా నిలబెట్టే కమ్మీలన్నీ ఒకే వెడల్పు, మధ్య ఒకే సందు, మారేది ఎత్తొక్కటే. ఏ షెడ్డు రోజుకు సగటున ఎన్ని సీసాలు చేసిందో నెలకోసారి ఫ్యాక్టరీ గోడమీది తెల్లబోర్డు మీద ఎక్కించడం ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆయన పని. చదివింది ఐదో తరగతే. గీత దగ్గర మాత్రం పై అధికారైనా ఆయన మాట వినాల్సిందే.

నిన్న కొత్త మేనేజరు ఆ బోర్డు పక్కనే కంప్యూటరు కాగితం ఒకటి అంటించాడు. అందులో మూడో షెడ్డు కమ్మీ ఒకటో షెడ్డుదానిలో సగమైనా లేదు. సాయంత్రానికి మూడో షెడ్డుకు తాళమేనని మాట పుట్టింది. అందులో మామ కోడలితో కలిపి ముప్ఫైమంది ఆడవాళ్ళు. రాత్రి ఆ పిల్ల ముద్ద ముట్టలేదు. పొద్దున పనిలోకి వస్తూ బోర్డు దగ్గర ఆగింది.

"నిజంగా మేం సగమే చేశామా మామయ్యా?"

"సగమెక్కడిదమ్మాయ్, కాగితం వాళ్ళు మీ కమ్మీకి కాళ్ళు నరికేశారు. వెళ్ళి పని చూసుకో."

ఒకటో షెడ్డు వెయ్యి, నిండా పది బెత్తెలు. మూడోది తొమ్మిది వందల నలభై. రంగు పూయడం అయ్యాక చూస్తే తేడా రెండున్నర వేళ్ళు. చుట్టూ చేరినవాళ్ళు కాగితాన్నీ బోర్డునూ మార్చి మార్చి చూశారు. మేనేజరూ వచ్చాడు, కంప్యూటరు తప్పు గీయదన్నాడు.

"తప్పు గీయలేదండీ," అన్నాడు మామ, కుంచె దించకుండానే. "కింద ఏ అంకె మీద నిలబెట్టిందో చూడండి. నాది సున్నా మీద నిలబడింది."

మేనేజరు వంగి చూశాడు. తొమ్మిది వందలు. ఆపైన ఉన్న ముక్కనే తానూ కమ్మీ అనుకున్నాడు. కాగితం తనే పీకి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికల్లా మూడో షెడ్డు ఎప్పట్లాగే నడుస్తుందని కబురొచ్చింది. కోడలు షెడ్డు గుమ్మంలోంచి చూసి నవ్వింది. మామ తల ఊపి, నడుం వాల్చి వస్తానని బల్ల మీదికి చేరాడు.

రెండింటికి గంట కొట్టారు. మామ లేవలేదు. కోడలు వచ్చి భుజం తట్టింది, మళ్ళీ తట్టింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, తర్వాత ఆ పక్కనే కూర్చుండిపోయింది.

బోర్డు మీద ఐదో షెడ్డుకు గీతలు గీసి ఉన్నాయి, రంగు పడలేదు. కింద స్టూలు మీద ఆయన కళ్ళజోడు, ఎడమ అద్దం అంచున నీలం రంగు చుక్క ఒకటి, ఇంకా తడిగానే.