వాస్వా చెప్పిన తాబేలు సినిమా

మా న్యెండో ఊళ్ళో మగ కవలలు పుడితే పేర్లు వెతుక్కోనక్కర్లేదు. ముందు పుట్టినవాడు వాస్వా, వెనక పుట్టినవాడు కాటో. కన్నతల్లి పేరు కూడా ఆ రోజుతో మారిపోతుంది, ఊరంతా నలోంగో అనే పిలుస్తారు. మా వీధి నలోంగోకి అలా ఇద్దరు కొడుకులు. ముఖాలు ఒకటే, గొంతులు ఒకటే. వాస్వా నిద్రలో కూడా మాట్లాడేవాడు. కాటో మెలకువగా ఉన్నా మాట్లాడేవాడు కాదు.

ఇద్దరూ కలిసి మార్కెట్ వెనక వీడియో హాలు నడిపారు. పైన రేకులు, చుట్టూ జమ్ము చాపలు, లోపల బెంచీలు. జనరేటరు, టేపు మిషను కాటో చూసుకునేవాడు. వాస్వా వీజే. అంటే తెర పక్కన మైకు పట్టుకుని కూర్చుని, పరాయి దేశపు సినిమాని మా లుగాండా భాషలో చెప్పేవాడు. అందులో ఉన్నది చెప్పేవాడు, లేనిదీ చెప్పేవాడు. చాప గోడకి అవతల నలోంగో వేరుశెనగలు వేయించి పొట్లాలు కట్టి అమ్మేది. లోపలికొచ్చి ఒక్క సినిమా చూసిన పాపాన పోలేదు.

"నా కొడుకు గొంతు ఇక్కడికి వినబడుతోందిగా, ఇంక బొమ్మలెందుకు నాకు?" అనేది.

ఆదివారం మధ్యాహ్నం పిల్లల ఆట. ఆ ఆటకి ఎప్పుడూ తాబేలు పిల్ల బొమ్మల సినిమాయే. ఏ దేశంలో తీశారో, అందులో మాట్లాడేది ఏ భాషో మాకెవరికీ తెలియదు. వరదలో తల్లి తాబేలు కొట్టుకుపోతుంది. పిల్ల తల్లిని వెతుక్కుంటూ ఏటి వెంట బయల్దేరుతుంది. తోడుగా ఒక కుంటి కొంగ, పాటలు పాడే ఎలుక. వానలో ఆ పిల్ల తల లోపలికి లాక్కుని, డిప్పలోంచి ఒక్క కన్ను పెట్టి ఆకాశాన్ని చూస్తుంటే హాల్లో పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్ళు. సగం నుంచి మాత్రం తీసినవాళ్ళకి ఏమైందో ఏమో, అంతా అడ్డదిడ్డం. కొంగ మెడలో ఎర్ర గుడ్డ ఉన్నట్టుండి ఆకుపచ్చదైపోతుంది. ఎలుక అజాపజా లేకుండా పోతుంది. మింగేస్తానని తిరిగిన మొసలి, ఏ కారణమూ లేకుండా మంచిదైపోతుంది. చివరికి పిల్ల తాబేలు ఒక ఇసుక ఒడ్డుకి చేరి పాట పాడుతుంది, సినిమా అయిపోతుంది. తల్లి ఏమైందో ఎవరూ చెప్పరు. తీసినవాళ్ళు ఆ తల్లిని మరిచేపోయారు.

వాస్వాకి ఈ లోపాలంటే పండగ. కొంగ గుడ్డ రంగు మారగానే, "చూశారా, కొంగగారు కంపాలా వెళ్ళి పాత బట్టల కుప్పలో బేరమాడి వచ్చారు!" అనేవాడు. ఎలుక మాయమైతే, "అది పెళ్ళికెళ్ళింది. అక్కడ అరటికాయ మతోకె గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇటు రాదు" అనేవాడు. పిల్లలు బెంచీలు కొట్టి నవ్వేవాళ్ళు.

ఆ పిల్లల్లో వాస్వా కూతురు నాలుమాన్సి ఒకతి. దాని తల్లి క్యోముహెండో వ్యాపారమని సరిహద్దు దాటి జూబా వెళ్ళింది. మొదట్లో ఫోన్లు చేసేది. తర్వాత ఆ నంబరు పలకడం మానేసింది. ఒక ఆదివారం సినిమా అయిపోగానే నాలుమాన్సి బెంచీ మీద లేచి నిలబడి గట్టిగా అడిగింది.

"నాన్నా, మరి వాళ్ళమ్మేది?"

పిల్లలందరూ గొల్లున నవ్వారు. అది నవ్వలేదు. పెదవి వణుకుతోంది. వాస్వా మైకు పట్టుకుని తెరవంక చూశాడు. ఆఖరి బొమ్మలో, ఇసుక ఒడ్డుకి చాలా వెనక, గుండ్రంగా గోధుమ రంగులో ఏదో ఉంది.

"అదిగో! కనబడలేదా మీకు? వెనకాల కూర్చుని చూస్తోంది. పిల్ల పాట అయిపోనీ అని ఆగింది. అమ్మలు అంతేరా, పాట మధ్యలో పిలవరు."

ఆ తర్వాత ప్రతి ఆదివారం అలాగే చెప్పాడు. మా న్యెండోలో ఆ ఈడు పిల్లలందరికీ ఆ తల్లి తాబేలు తిరిగొచ్చిందనే తెలుసు.

నాలుమాన్సి బళ్ళో చేరిన ఏడు, వాస్వా కంపాలా నుంచి కొత్త టేపులు తెస్తుంటే లుకాయా దగ్గర అతనెక్కిన టాక్సీ వ్యాను లారీని గుద్దుకుంది. కవలల్లో ఒకరు పోతే మా దగ్గర చనిపోయారని అనం, ఎగిరిపోయారంటాం. నాలుమాన్సితో కూడా అలాగే అన్నాం. చాలా కాలం అది ఇంటిముందు నిలబడి పైకి చూసేది.

కాటో హాలు మూసేశాడు. రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. తనకి పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. తల్లీ తనూ కలిసి అన్న కూతుర్ని పెంచారు. పెద్దవుతున్నకొద్దీ నాలుమాన్సికి ఒకటే పట్టుదల, అమ్మ వస్తుందని. నలోంగో మాత్రం ఆ కోడలి పేరు ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. ఒకసారి నాలుమాన్సి బడి ఎగ్గొట్టి కంపాలా బస్టాండుకి పోయి, జూబా బస్సు ఎక్కడాగుతుందని అడుగుతూ తిరుగుతుంటే కాటో వెళ్ళి తీసుకొచ్చాడు. దారి పొడుగునా తిట్టలేదు. నీకెవరు చెప్పారమ్మా ఆమె వస్తుందని, అని ఒక్కమాట అడిగాడు. "నాకు తెలుసు" అంది. ఆ నమ్మకం దానికి ఎక్కడిదో కాటోకి అర్థం కాలేదు.

ఇప్పుడు నాలుమాన్సి ఎంబరారాలో నర్సు చదువు చదువుతోంది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని నానమ్మకి దండం పెడుతూనే అరిచింది.

"దొరికింది చిన్నాన్నా! తాబేలు సినిమా దొరికింది. ఎవరో పాత టేపుని శుభ్రం చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. నానమ్మా, ఇవాళ నాన్న మాట్లాడతాడు!"

కాటో చేతిలో ఉన్న టీకప్పు కింద పెట్టాడు. కంపాలాలో ఇప్పటి వీజేలు తమ మాటల్ని డిస్కుల మీదికి ఎక్కించి అమ్ముతారు. నాన్న కూడా అలాగే ఎక్కించి ఉంటాడని ఈ పిల్ల ఇన్నాళ్ళూ అనుకుందని అతనికి అప్పుడే తెలిసింది. చెప్పాలనుకున్నాడు. ఈలోపు అది ఫోన్ని టీవీకి కలిపేసింది. నలోంగోని కుర్చీలో కూర్చోబెట్టి, తను చాపమీద ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

బొమ్మ వచ్చింది. రంగులు తళతళలాడుతున్నాయి. ఎవరో పెద్దాయన, మెత్తని గొంతు, ఆ తెలియని భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇది ముందు మాటేమో. నాన్న తర్వాత వస్తాడు" అంది నాలుమాన్సి.

వరద వచ్చింది. తల్లి కొట్టుకుపోయింది. పెద్దాయనే మాట్లాడుతున్నాడు.

"చిన్నాన్నా, నాన్నేడీ?"

"మీ నాన్న గొంతు ఎక్కడా ఎక్కించలేదమ్మా" అన్నాడు కాటో. "ఆ రోజుల్లో మా దగ్గర అలాంటి మిషను లేదు. ప్రతి ఆదివారం అప్పటికప్పుడు చెప్పేవాడు."

"ఒక్కటి కూడా లేదా? పొరపాటున కూడా ఎవరూ..."

"లేదు."

నాలుమాన్సి మోకాళ్ళు దగ్గరికి లాక్కుని తెరవంకే చూస్తూ కూర్చుంది. కాటో ఆపేద్దామని లేవబోతే నలోంగో చెయ్యి పట్టుకుంది.

"ఉండనీరా. నేనెప్పుడూ చూడలేదు."

కాసేపటికి కొంగ గుడ్డ రంగు మారింది. నలోంగో ఫక్కున నవ్వింది. "ఇదన్నమాట! కొంగగారు కంపాలా వెళ్ళొచ్చారు!" ఆ తర్వాత ఎలుక కనబడకపోతే, "పెళ్ళికెళ్ళింది, గిన్నె ఖాళీ అయ్యేదాకా రాదు" అంది. చాప గోడకి అవతల కూర్చుని విన్న మాటలు ఒక్కటీ పోలేదు. కొడుకు ఎక్కడ దగ్గేవాడో కూడా ఆమెకి తెలుసు. నాలుమాన్సి తల తిప్పి నానమ్మ ముఖంలోకి చూసింది. ఏడుస్తూనే నవ్వింది.

"నానమ్మా, ఇంకా చెప్పు. మొసలికి ఏమన్నాడు?"

"వాళ్ళమ్మ చెవి మెలేసిందట. అందుకే మంచిదైపోయింది."

అలా చివరిదాకా వచ్చారు. ఇసుక ఒడ్డు వచ్చింది. పిల్ల తాబేలు పాట ఎత్తుకుంది.

"ఆగండి, ఆగండి, ఇక్కడే అమ్మ వస్తుంది." నాలుమాన్సి సినిమా ఆపింది. మోకాళ్ళ మీద టీవీ దాకా జరిగి వెళ్ళింది. పాత టేపులో మసగ్గా కనబడేది ఇప్పుడు గీత గీతా తెలుస్తోంది. గుండ్రటి బండ. పక్కన రెండు గడ్డిపరకలు, పైన నాచు. దానికి తలా లేదు, కాళ్ళూ లేవు.

"ఇది రాయి" అంది.

కాటో వైపు తిరిగింది.

"చిన్నాన్నా, ఇది రాయే కదా. మరి వాళ్ళమ్మేది?"

ఆ మాట, ఆ గొంతు, ఆనాడు బెంచీ మీద నిలబడి అడిగినట్టే ఉంది. కాటో కళ్ళు దించుకున్నాడు.

"రాదమ్మా. ఆ సినిమాలో తల్లి రాదు. నువ్వడిగావని మీ నాన్న తెచ్చాడు. నువ్వు ఏడవబోతున్నావు, హాలంతా నవ్వుతోంది. అప్పుడు ఆ బండ కనబడింది వాడికి."

"నేనడిగాననా?"

"నీ కోసమే."

నాలుమాన్సి చాలాసేపు ఆ బండ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. తర్వాత ఎటో చూస్తూ అంది. "నేను దీన్ని చూసే నమ్మాను చిన్నాన్నా. పాట అయిపోయేదాకా ఆగింది, నాన్న అబద్ధం చెప్పడు అనుకున్నాను. జూబా బస్సు కోసం వెళ్ళింది కూడా అందుకే."

కాటోకి అప్పుడు తెలిసింది ఆ నమ్మకం ఎక్కడిదో. అన్న మీద కోపం రావాలో జాలి కలగాలో తెలియలేదు. వాస్వా ఉండి ఉంటే మెల్లగా సర్ది చెప్పేవాడు. చెప్పేలోపే ఎగిరిపోయాడు.

"నువ్వు చెప్పు" అంది నాలుమాన్సి.

"ఏం చెప్పను?"

"నాన్న చెప్పినట్టు. నీ గొంతూ నాన్న గొంతూ ఒకటేనని అందరూ అంటారు. ఒక్కసారి చెప్పు చిన్నాన్నా. రాయని తెలుసులే. అయినా సరే చెప్పు."

"నాకు రాదమ్మా."

"వచ్చు. ప్రతి ఆదివారం విన్నావుగా."

అది సినిమాని కొంచెం వెనక్కి తిప్పి, పెద్దాయన గొంతు తగ్గించేసింది. ఇసుక ఒడ్డు మళ్ళీ వచ్చింది. కాటో గొంతు సవరించుకున్నాడు.

"అదిగో! కనబడలేదా మీకు?" అన్నాడు. "వెనకాల కూర్చుని చూస్తోంది..."

అది వాస్వా గొంతు. ఆ సాగదీయడం, మాటకీ మాటకీ మధ్య ఆ నవ్వు, అన్నీ అవే. గదిలోకి నిజంగా వాస్వా వచ్చి నిలబడ్డట్టయింది. నాలుమాన్సి రెండు చేతులతో నోరు మూసుకుంది. నలోంగో కుర్చీలోంచి సగం లేచింది. చీర కొంగులా కప్పుకున్న గుడ్డని ముఖం మీదికి లాక్కుంది.

"వద్దు కాటో. వద్దురా నాయనా. నా వల్ల కాదు, ఆపు."

కాటో ఆపేశాడు. తెరమీద పిల్ల తాబేలు నోరు తెరిచి పాడుతూనే ఉంది, చప్పుడు లేకుండా. అది అయిపోయేదాకా ముగ్గురూ అలాగే ఉండిపోయారు.

చీకటి పడకముందే నలోంగో మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని జుట్టు పాయలు తీసింది. ఇన్నేళ్ళూ నోట పలకని పేరు ఆ వేళ తనంతట తనే పలికింది.

"క్యోముహెండో బాగా నవ్వేది. నవ్వితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది, ఇందాక నువ్వు పెట్టుకున్నట్టే. నిన్ను వీపున కట్టుకుని పొలంలో పని చేసేది. చెడ్డదని నేనెప్పుడూ అనుకోలేదు. కోపం వచ్చింది, అంతే."

"బతికుందా నానమ్మా?"

"తెలియదమ్మా. నీకు అబద్ధం చెప్పేవాడు పోయాడు. నాకు చేతకాదు."

నాలుమాన్సి నానమ్మ ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. నాన్న పోయిన రోజు కూడా అది అలా ఏడవలేదు. అప్పుడు ఎగిరిపోయాడన్నాం, తిరిగొస్తాడనుకుంది.

సోమవారం పొద్దున్నే అది ఎంబరారా బస్సెక్కింది. కాటో సంచీ మోసుకెళ్ళి, కిటికీలోంచి దాని తలమీద చెయ్యి వేసి, మాట లేకుండానే వచ్చేశాడు. కొట్టు తెరవగానే ఎవరో పాడైన టీవీ పట్టుకొచ్చి, ఇది ఎప్పటికవుతుంది అని అడిగారు. కాటో జవాబివ్వడానికి నోరు తెరిచి, తన గొంతులో అన్న గొంతు వినలేక మళ్ళీ మూసేశాడు. టీవీని బల్లమీద పెట్టమని చేత్తో చూపించాడు. ఆ రోజంతా కొట్టుకి ఎవరొచ్చినా అతను చేత్తోనే మాట్లాడాడు.