గాడిలో పసుపు

భూపాలపల్లిలో ఆ ఏడు మొదటి పెద్దవానకు, వరండా వైపున్న గాజుతలుపు కింద నుంచి నీళ్లు హాల్లోకి వచ్చాయి. యాకయ్య ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్లూ భార్య చంద్రమ్మే అక్కడ పాతచీర మడిచి పెట్టేదని ఆయనకు తెలియదు. బొగ్గుబాయిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నేల పొడిగానే ఉండేది. ఈ వానకు ఆమె లేదు.

కూతురు శైలజ తలుపు జరిగే అల్యూమినియం గాడిని వేలితో తడిమింది. నీళ్లు బయటికి పోయే చిన్నచిన్న రంధ్రాలన్నీ పసుపుతో పూడుకుపోయి ఉన్నాయి.

"అవ్వ పనే బాపు గిది! గడప లేని తలుపేందని శుక్రారం శుక్రారం ఈ గాడికే పసుపు పూసె గద," అంది తల్లిని తలుచుకుని.

"రేకుకు పూజేందని నేను ఎక్కిరిచ్చిన బిడ్డా."

శైలజ చాకు తెచ్చింది. యాకయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"గీకకు. గది మీ అవ్వ చేత్తోని పూసింది. నీళ్లు నేను తుడుసుకుంట."

"జారి పడితే ఎవరు లేపాలె నిన్ను?"

ఆయన చెయ్యి వదల్లేదు.

శైలజ చాకు పక్కన పెట్టి, చున్నీకున్న పిన్నీసు తీసింది.

"పైనున్న పసుపు ముట్ట తీ. నీళ్లకు జర తొవ్వ చేస్త, అంతే."

ఒక్కో రంధ్రాన్నీ మెల్లగా పొడిచింది. నిలిచిన నీళ్లు పచ్చగా వరండాలోకి జారి, మెట్ల మీదుగా వాకిట్లోకి పారాయి. ఆ పసుపురంగు పలచబడేదాకా యాకయ్య అక్కడే కూర్చున్నాడు. తర్వాత గాడి అంచున మిగిలిన పసుపును ముట్టబోయి, చెరిగిపోతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.