అన్నయ్య దించిన హీటరు

ఆ హీటరు నా చేతులతో బిగించినదే. అందుకే నాకంత మండింది.

మా డాఫిన్ ఊరి చివర, రైలు పట్టాల పక్కన మా అన్నయ్య ఓరెస్ట్‌కి ట్రక్కుల రిపేరు షెడ్డు ఉంది. చలికాలంలో అక్కడ రెంచీ పట్టుకుంటే చేతికి అతుక్కుపోయేది. లాయిడ్ బాబాయ్ మా నాన్న హయాం నుంచీ అక్కడే మెకానిక్కు. వేళ్ళు కొంకర్లు పోతుంటే నోటితో ఊదుకుంటూ పని చేసేవాడు. నాది గ్యాస్ గొట్టాలు, హీటర్లు బిగించే పని. ఆయన అవస్థ చూడలేక, గొట్టం హీటరు పెట్టించమని అన్నయ్య వెంటపడి ఆ ఏడు ఒప్పించాను.

పైకప్పు కింద పొడవాటి ఇనప గొట్టం. ఒక కొసన మంట పెట్టె. రెండో కొస నుంచి పొగ గోడలోంచి బయటికి పోతుంది. గొట్టం పైన బోర్లించిన రేకు వేడిని కిందికి, మనుషుల మీదికి దింపుతుంది. బాబాయీ నేనూ కలిసి గొలుసులతో వేలాడదీశాం. లిఫ్టు మీద బండి ఎంత లేచినా సెగ తగలకుండా బాగా ఎత్తున కట్టాను.

అన్నయ్యకి అంత ఎత్తు నచ్చలేదు. వేడంతా చూరుకే పోతోందని సణిగాడు. ముందు నేల వేడెక్కాలి, ఓపిక పట్టు అన్నాను. ఏం చేసినా సరే, గొట్టం మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దన్నాను. అలాగే అన్నాడు.

జనవరిలో ఓ పొద్దున కాఫీ కొట్లో వెర్నా టీచరు కనిపించింది. అన్నయ్యకీ నాకూ చిన్నప్పుడు లెక్కలు చెప్పినావిడ. నా భుజం తట్టి, "నీ మీద నాకేం కోపం లేదమ్మా నాడియా. పొరపాట్లు అందరూ చేస్తారు," అంది.

ఏం పొరపాటని అడిగాను. ఆవిడ క్యాంపింగ్ వ్యాను రిపేరుకని అన్నయ్య షెడ్డులో ఉందట. లిఫ్టు ఎక్కించగానే హీటరు సెగకి దాని ప్లాస్టిక్ పైకప్పు ఒక పక్కంతా కరిగి జారిపోయిందట. "చెల్లెలు మరీ కిందికి కట్టేసింది" అని అన్నయ్యే చెప్పాడట.

తిట్టినా ఊరుకునేదాన్నేమో. ఆవిడ నన్ను క్షమించేసింది. కాఫీ అక్కడే వదిలేసి బండెక్కాను.

షెడ్డు తలుపు తియ్యగానే పొగ వాసన తగిలింది. గొట్టం నేను కట్టిన చోటికి బారెడు కింద వేలాడుతోంది. గొలుసులకి కొత్త ముక్కలు తగిలించి ఉన్నాయి. గొట్టాన్ని దించేసరికి గోడలోకి పోయే పొగగొట్టం అతుకు నోరు తెరుచుకుంది. ఆ సందుకి ఎవరో వెండిరంగు టేపు చుట్టారు. టేపు మాడి ఊడిపోయి వేలాడుతోంది. దాని కిందే లాయిడ్ బాబాయ్ స్టూలు మీద కూచుని, కళ్ళు మూసుకుని కణతలు నొక్కుకుంటున్నాడు.

వెంటనే గ్యాస్ కట్టేశాను. పెద్ద తలుపులు రెండూ బార్లా తీశాను. బయటి చలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. ఎన్నాళ్ళ నుంచి తలనొప్పని బాబాయ్‌ని అడిగాను. టేపు చుట్టినప్పటి నుంచేనమ్మా అన్నాడు. ఓరెస్ట్ జలుబని చెప్పాడట, ఈయన నమ్మాడట.

అన్నయ్య ఆఫీసు గదిలోంచి అరుచుకుంటూ వచ్చాడు. తలుపులు ముయ్యమన్నాడు, నీళ్ళ గొట్టాలు గడ్డ కడతాయన్నాడు.

"కట్టనీ. గొలుసు ఎవరు దించారు?"

"అయ్యిందేదో అయ్యింది. ఆ టీచరుతో నేను మాట్లాడుకుంటాలే."

"మాట్లాడావుగా, నా పేరు చెప్పి. అది వదిలెయ్. ఆ పొగ పీల్చింది ఈయన. చచ్చిపోతే అదీ చెల్లెలి పొరపాటే అనేవాడివా?"

అన్నయ్య బాబాయ్ వైపు చూశాడు. ఏదైనా తనవైపు మాట్లాడతాడని కాబోలు. బాబాయ్ మెల్లగా లేచి కోటు వేసుకుని, "నేను వద్దనే చెప్పాను కదా ఓరెస్టూ," అన్నాడు. ఆ ఒక్క మాటకే అన్నయ్య మొహం ఎర్రబడింది.

టీచరుకి ఇప్పుడే, నా ఎదురుగా ఫోన్ చెయ్యమన్నాను. చేశాడు. షెడ్డులో ఎక్కడో చిన్న తేడా జరిగిందని నసిగాడు. ఎవరి వల్లో చెప్పడానికి వాడికి నోరు రాలేదు. ఫోన్ లాక్కుని, "టీచర్ గారూ, హీటరు దించింది మా అన్నయ్య. వద్దన్నా వినకుండా దించాడు," అని చెప్పి వాడి చేతిలో పెట్టేశాను.

బాబాయ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తంలో పొగ విషం ఉందన్నారు. ముక్కుకి ఆక్సిజన్ పెట్టి, ఇంకొన్నాళ్ళు అదే గాలి పీల్చి ఉంటే మాట వేరేగా ఉండేదన్నారు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడుస్తుంటే అన్నయ్య మీద కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

మర్నాడు వెళ్ళి పొగగొట్టం కొత్తది వేశాను. గొట్టాన్ని మళ్ళీ పైకెత్తి కట్టాను. నిచ్చెన అవతలి పక్క అన్నయ్యే పట్టుకున్నాడు. దిగాక "కాఫీ తాగుతావా" అన్నాడు. అక్కర్లేదన్నాను.

బాబాయ్ కోలుకున్నాడు కానీ ఆ షెడ్డుకి మళ్ళీ వెళ్ళలేదు. ఊళ్ళోనే ఇంకోచోట పనికి కుదిరాడు. ఈస్టరుకి వదిన పిలిచింది. అన్నయ్య చాలా బాధపడుతున్నాడని, ఎంతైనా ఒక కడుపున పుట్టినవాళ్ళమని ఫోన్‌లో చెప్పింది. అన్నయ్య లాయిడ్ బాబాయ్ ఇంటికెళ్ళి, బాధపడుతున్నానని ఆయనకి చెప్పాడా అని అడిగాను. లేదంది వదిన.

అయితే నేనూ రానన్నాను.