మినిట్స్ బుక్కులో మూడో అంశం

షకీలా కార్యదర్శి అయ్యేనాటికి ఆ విద్యార్థి సంఘం చేసే పనల్లా ఏడాదికి రెండుసార్లు జెండా ఎగరేసినప్పుడు పిప్పరమెంటు బిళ్ళలు పంచడం, ప్రిన్సిపాల్ శేషగిరిరావుగారికి దండ వెయ్యడం. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద రేకుల షెడ్డుల్లో నడిచే ప్రైవేటు ఐటీఐ అది. ఎనభై నాలుగు మంది విద్యార్థులు. ఆడపిల్లలు నలుగురే, నలుగురూ కట్టడాల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడు. మిగతావాళ్ళు ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు. అంతమంది మగపిల్లలుండి ఒక ఆడపిల్లను ఎన్నుకోవడానికి కారణం ఆమె చేతిరాత. ఆమె అర్జీ రాస్తే ఆఫీసువాళ్ళు చదువుతారని అందరికీ ఒక నమ్మకం.

షకీలా ఆ నమ్మకాన్ని ఊరికే పోనివ్వలేదు. తండ్రి నూర్ మొహమ్మద్ ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ఆయన షాపులో స్టూలు మీద కూర్చుని మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలకూ, గుంటూరు మిల్లులకూ ఉత్తరాలు రాసింది. మా సంఘం ఎగ్జిబిషన్ పెడుతోంది, మావాళ్ళ పని మీ కళ్ళతో చూడండి, నచ్చితే అప్రెంటిసులుగా తీసుకోండి అని. ఆరు నెలలు రాయగా రాయగా ఒక ఫ్యాక్టరీ నుంచి జవాబు కార్డు వచ్చింది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన మేనేజరు వస్తానన్నాడు. అది ఎనభై ఆరో సంవత్సరం. ఆ కార్డు నోటీసు బోర్డు మీద అంటించిన రోజు ఫిట్టర్లు ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి ‘సెక్రటరీగారూ’ అన్నారు.

ఎగ్జిబిషన్‌కు మూడు వారాల ముందు సంఘం సమావేశమైంది. ఫిట్టర్ రెండో ఏడాది చదివే కృపానందం లేచి నిలబడ్డాడు. మాచవరం దగ్గరి పల్లె అతనిది. మేనమామ కొలిమిలో ఐదేళ్ళు పనిచేసి ఆలస్యంగా చదువుకొచ్చినవాడు. అందరికంటే వయసులో పెద్ద, పనిలో కూడా పెద్దే. గ్రైండరు చక్రానికి అడ్డుగా ఉండే గార్డు ఊడిపోయి ఆరు నెలలయిందనీ, చక్రం పగిలితే ముక్కలు సూటిగా ముఖానికే వస్తాయనీ చెప్పాడు. షకీలా ఆ మాటలను మినిట్స్ బుక్కులో మూడో అంశంగా రాసింది. మర్నాడు పుస్తకం పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళింది.

“ఎగ్జిబిషన్ కానియ్ అమ్మాయ్, ఆ తర్వాత చూద్దాం” అన్నాడాయన పుస్తకం తెరవకుండానే.

ఆమె సరేనని వచ్చేసింది. ఇంకోసారి అడగలేదు. మేనేజరు వచ్చేముందు ప్రిన్సిపాల్‌తో పేచీ ఎందుకనుకుంది.

ఎగ్జిబిషన్ రెండు రోజులుందనగా కృపానందం ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఫిట్టర్ల టేబులు మీద పెట్టవలసిన ముఖ్యమైన వస్తువు అతను చేత్తో చేస్తున్న బెంచి వైసు, ఇనుప ముక్కల్ని దవడల మధ్య బిగించి పట్టేది. దాని దవడలకు అంచులు పట్టడం ఒక్కటే మిగిలింది.

“చెల్లెమ్మా, ఆ చక్రం మీద వెంట్రుకంత గీత కనపడతంది. గార్డు చూస్తే లేదాయె. నాకెందుకో మనసొప్పటం లా. ఆకురాయితో రుద్దుకుంటా, ఓ నాలుగు రోజులు పట్టుద్ది.”

“నాలుగు రోజులేంది అన్నా? ఎల్లుండేగా ఆయనొచ్చేది. నీ వైసు లేకపోతే మీ టేబులు మీద చూపియ్యటానికి ఏముంది? ఈ ఒక్కసారికి కాస్త జాగర్తగా కానియ్.”

అతను ఆమె ముఖం వంక చూశాడు. వర్క్‌షాపు వైపు వెళ్ళాడు.

షకీలా పక్క షెడ్డులో గోడకు డ్రాయింగులు అంటిస్తూ ఉండగా టపాకాయ పేలినట్టు చప్పుడైంది. వెంటనే ఎవరో అరిచారు. ఆమె వెళ్ళేసరికి కృపానందం నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కుడికంటి మీద రెండు చేతులూ అదిమి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. అతను అరవడం లేదు. అరుస్తున్నది చుట్టూ ఉన్నవాళ్ళు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కన్ను దక్కలేదు.

ఎగ్జిబిషన్ ఆగిపోయింది. రావద్దని మేనేజరుకు టెలిగ్రాం ఇచ్చింది షకీలానే.

పది రోజులకు ప్రిన్సిపాల్ పిలిపించాడు. ఈసారి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

“గుంటూరు నుంచి ఎంక్వయిరీకి ఆఫీసరొస్తన్నాడు. మీ పుస్తకంలో ఆ మూడో అంశం కనపడిందా, మన గుర్తింపు పోయినట్టే. జూలైలో ఫైనల్ పరీక్షకు ఎవరూ కూర్చోలేరు. కొత్త పుస్తకం తీసుకొని మొదటినించీ తిరగరాయి. ఆ ఒక్కటి వదిలెయ్.”

“అది జరిగింది గదా సార్.”

“నా మాట వినొద్దు. సంఘం నీ ఒక్కదానిదా? మీటింగు పెట్టి మీవాళ్ళనే అడుగు.”

ఆమె మీటింగు పెట్టింది. తనవాళ్ళు ఒప్పుకోరని గట్టిగా అనుకుంది. సంఘం అధ్యక్షుడు శ్రీనివాసరావు, కృపానందం పక్క బెంచీలో పనిచేసేవాడు, మొదట లేచాడు.

“మా అమ్మ మిరపకోతలకు పోయి నన్ను చదివిస్తంది. కృపానందం మీద నాకు ప్రేమ లేక కాదు. పుస్తకంలో ఆ ముక్క ఉంటే వాడి కన్నొస్తదా? రాదు. మా చదువులు మాత్రం పోతయ్.”

చేతులెత్తమన్నారు. కార్యదర్శి కాబట్టి లెక్కపెట్టవలసింది షకీలానే. తిరగరాయాలని అరవై ఒకటి. వద్దని ఏడు. మిగతావాళ్ళు తలొంచుకుని కూర్చున్నారు. ఆడపిల్లల్లో ఇద్దరి చేతులు పైనే ఉన్నాయి. వాళ్ళలో ఒకతె జరీనా, రోజూ ఆమెతో కలిసి నడిచి వచ్చే పిల్ల.

మర్నాడు షకీలా తండ్రిని వెంటబెట్టుకుని గుంటూరు బస్సెక్కింది. కృపానందం తలకు కట్టుతో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గొంతు విని ఇటు తిరిగాడు.

“ఓటింగు పెట్టారంట గదా. శ్రీను వచ్చి చెప్పాడు. ఏడ్చాడు కూడా.”

“నన్నేం చెయ్యమంటావు అన్నా?”

“వాళ్ళు చదువు చెడగొట్టుకోవాలని నేనెట్టా అంటా?” అన్నాడు. తలకట్టు సర్దుకుని మళ్ళీ అన్నాడు. “కాకపోతే ఒకటి. నేను చెప్పింది చెప్పలేదని రాస్తే, గీత పడ్డ చక్రాన్ని చూసుకోకుండా పని పెట్టిన ఎర్రోణ్ణవుతా. కొలిమి కాడ పెరిగినోణ్ణి. నాకు పని తెలవదని మాత్రం రాయమాకండి.”

ఆ రోజు తనన్న మాట గురించి షకీలా చెప్పాలనుకుంది. ఇంతలో అతని తల్లి గ్లాసులో జావ పట్టుకుని వచ్చింది. వచ్చినామె షకీలా తల నిమిరి, ఇంత దూరం వచ్చావా తల్లీ అంది. చెప్పాలనుకున్నది చెప్పకుండానే షకీలా ఆమె చేతిలో గ్లాసు అందుకుంది.

ఆఫీసరు వచ్చిన రోజు ఆమె పాత పుస్తకాన్నే బల్ల మీద పెట్టింది. కిటికీ బయట నిలబడ్డ ఫిట్టర్లు దాని అట్టను గుర్తుపట్టారు.

ఆఫీసరు మూడో అంశం రెండుసార్లు చదివాడు. “ఇది ప్రిన్సిపాల్‌గారికి చెప్పారా?”

“చెప్పాను సార్. ఎగ్జిబిషన్ అయ్యాక చూద్దామన్నారు.”

“అబద్ధం” అన్నాడు శేషగిరిరావు. “నా దృష్టికే రాలేదు.”

“సరే. గార్డు లేదని తెలిసినవాడు ఆ మెషీను మీద పని ఎందుకు చేశాడు?”

ఆ రోజు తనన్న మాటను కృపానందం తప్ప ఎవరూ వినలేదు. ఆమె ఊరుకుంటే ఆ ప్రశ్న అక్కడితో పోయేది.  ఆసుపత్రి పడక మీద అతనన్న మాట గుర్తొచ్చింది.

“నేను చెయ్యమన్నాను సార్. తను వద్దన్నాడు. ఎగ్జిబిషన్ కోసం నేనే చెయ్యమన్నాను.”

శేషగిరిరావు కుర్చీలో నిదానంగా వెనక్కి వాలాడు.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఫిట్టర్ ట్రేడు గుర్తింపు ఆపేశారు. విద్యార్థి సంఘం ఒత్తిడి వల్ల, యాజమాన్యానికి తెలియకుండా జరిగిన ప్రమాదమని తేల్చారు. సంఘాన్ని రద్దు చేశారు. శేషగిరిరావు కుర్చీ కదల్లేదు. మిగతా రెండు ట్రేడులవాళ్ళూ పరీక్షకు కూర్చున్నారు. ఫిట్టర్లకు రెండేళ్ళ చదువు గాలికి పోయింది. శ్రీనివాసరావు పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనికి చేరాడు. అతని తల్లి ఒకనాడు షాపు ముందు నిలబడి, నీ కూతురు నా కొడుకు నోట్లో మట్టి కొట్టిందయ్యా అని నూర్ మొహమ్మద్‌ను నలుగురిలో నిలదీసింది. ఆయన చేతిలో పానా అట్లాగే పట్టుకుని విన్నాడు. ఆమె వెళ్ళిపోయాక కూతురితో, “నువ్వు చేసింది తప్పని నేననను బేటీ. ఆమె చెప్పింది తప్పని గూడా అనలేను” అన్నాడు.

షకీలా ఫస్ట్‌క్లాసులో పాసైంది. ఎన్ని ఫ్యాక్టరీలకు రాసినా జవాబు రాలేదు. ఒక ట్రేడు గుర్తింపు పోయిన ఐటీఐ అని రాలేదో, ఆమె పేరు తెలిసి రాలేదో.

దసరా ముందు నరసరావుపేట బస్టాండులో కృపానందం కనిపించాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఏం చేస్తున్నావన్నా అంటే, మామ కొలిమిలో తిత్తి ఊదుతున్నానన్నాడు. సుత్తి దెబ్బ గురి తప్పుతోందట.

“ఆఫీసరు ముందు చెప్పావంట గదా, నువ్వే చెయ్యమన్నావని” అన్నాడు.

“ఆసుపత్రిలోనే నీకు చెబుదామనుకున్నా.”

“నాకు చెప్పేదేముంది, నాకు తెలవదా?” అతను నవ్వలేదు. “చానా ధైర్యం జేశావన్నారు అందరూ. కావచ్చు. ఆ ధైర్యం ఎగ్జిబిషన్‌కి ముందే శేషగిరిరావు ముందర జేసుంటే సరిపోయేది చెల్లెమ్మా.”

షకీలా తలొంచుకుంది.  అంతలో మాచవరం బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. కృపానందం ఫుట్‌బోర్డు కడ్డీ పట్టుకోబోయాడు. చెయ్యి కడ్డీకి జానెడు ఇవతల గాలిలో ముడుచుకుంది. షకీలా ముందుకు వచ్చింది. అతను అక్కర్లేదన్నట్టు ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. రెండోసారి వేళ్ళతో తడుముకుని కడ్డీని పట్టుకుని ఎక్కాడు.