తీసేసే గొంతు

"ఎక్కడైనా శ్రుతి జారినా ఫర్వాలేదులే, చివర్లో నీ గొంతు ఎలాగూ తీసేస్తాను" అన్నాడు సిలాస్, ఫోను స్టాండుకు బిగిస్తూ. చేపలు కడుగుతున్న లీదియా చేతులు తుడుచుకుని వచ్చింది.

కరోనాకు ప్రార్థన మందిరం మూసేశాక బర్ దుబాయ్ తెలుగు సహవాసంలో పాటలు ఇలాగే తయారవుతున్నాయి. ముందు లీదియా పాట కట్టి, పాడి పంపాలి. గైడ్ ట్రాక్ అంటారు. కోయిర్‌లో అందరూ దాన్ని చెవిలో పెట్టుకుని ఎవరింట్లో వాళ్లు పాడి పంపుతారు. సిలాస్ అన్నీ కలిపి, ఆమె గొంతు తీసేసి, 'సంగీతం: సిలాస్' అని వేస్తాడు. జాకెట్లు కుట్టి అమ్మే లీదియాకు సరుకు విలువ తెలియనిది కాదు. కొలత తనది, కుట్టు తనది, బోర్డు మాత్రం ఆయనది. సంసారంలో ఆ మాత్రం తరుగు మామూలేనని ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది.

ఈ పాట వేరు. అమెరికాలో ఒక నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాడు. ఊరూరా జనం వీధుల్లోకొచ్చి పాడుతున్నారు. ఆయన కోసం ఆన్‌లైన్ ప్రార్థన పెడదాం, పాట కట్టమన్నారు పాస్టరుగారు. లీదియా రెండు చరణాలు కట్టింది. మిషను తొక్కుతుంటే మూడోది దానంతటదే వచ్చింది.

'మా పేటలోనూ ఒకడు మంచినీళ్లడిగాడు, లాఠీ ఇచ్చారు, వాడి పేరు ఏలీయా.'

"మూడోది వద్దు" అన్నాడు సిలాస్. "అమెరికా పోలీసుల్నంటే ఎవరూ ఏమనరు. మన ఊరి స్టేషను గొడవ మనకెందుకే? మా కంపెనీ ముదీర్‌కి తెలిస్తే ఉద్యోగం ఖలాస్."

"ఆ అమెరికా ఆయనెవరో నాకు తెలీదండీ. ఏలీయా నేను ఎత్తుకు తిప్పినోడు."

"చచ్చిపోయినోడికి ఇప్పుడు పాటెందుకు?"

"మరి ఆయన బతికున్నాడా?"

సిలాస్ బ్యాగు తగిలించుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

తన పెళ్లికి ముందు, బైకు దొంగతనమని తమ్ముడు ఏలీయాను పోలీసులు తీసుకెళ్లి తెల్లారి శవాన్ని అప్పజెప్పారు. పెళ్లి మాటల్లోనే అత్తగారు చెప్పింది, "గుండె ఆగిందని చెప్పమ్మా. స్టేషనులో పోయాడంటే మనకే మచ్చ" అని. అప్పట్నుంచీ అదే చెబుతోంది, కన్నకూతురికి కూడా. నోరు మూసుకున్నందుకు మిగిలిందేమిటి? మర్యాద అన్నారు. ఆ మర్యాద ఇంటిల్లిపాదీ వాడుకున్నారు గానీ తన చేతికెప్పుడూ రాలేదు. సిలాస్ భయం ఉత్తదేమీ కాదు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, పాప బడి పోతుంది. లీదియా అదీ తూకంలో వేసింది. రెండో వైపు తమ్ముడొక్కడే ఉన్నాడు. ముల్లు అటే మొగ్గింది.

తలుపు వేసుకుని మూడు చరణాలూ పాడింది. గ్రూపులో పెట్టేసింది.

సాయంత్రానికి గొంతులు తిరిగి రావడం మొదలైంది. నర్సు రేచెల్ డ్యూటీ దిగి, మాస్కు అచ్చు చెంపల మీద ఉండగానే మెట్ల దగ్గర నిలబడి పాడింది. ఖోర్ ఫక్కాన్ నుంచి ఫ్రాంక్లిన్ పాడాడు. ఒకరి తర్వాత ఒకరు ఏలీయా పేరు పలికారు.

సిలాస్ ఫోను చేశాడు. "ఏం చేశావే నువ్వు? ఇప్పుడు ఎంతమంది గొంతుల్లోంచి కత్తిరించను?"

"మీ ఇష్టమండీ" అంది.

ఫోను పెట్టేసరికి ఫ్రాంక్లిన్ మెసేజ్ ఉంది. "అక్కా, మూడో చరణం మళ్లీ మళ్లీ పాడాను. ఎవరీ ఏలీయా?"

'మా తమ్ముడు. గుండె ఆగి' అని అలవాటుగా వేళ్లు కొట్టేశాయి. లీదియా చెరిపేసి మళ్లీ కొట్టింది.

'మా తమ్ముడు. పోలీసులు కొట్టి చంపారు.'