పువ్వు పెట్టిన హెచ్చరిక

పరంజా కాలు బురదలో దిగబడి ఉంది. కింద చెక్క లేదు. పైన ముగ్గురు గోడకి రంగులేస్తున్నారు, అందులో ఒకరు మా బాబాయ్. సూపర్‌వైజరు సైటు గ్రూపులో గొప్పగా పెట్టిన ఫోటోలో ఇదంతా కనిపించింది. ఆ సైటుకి సేఫ్టీ ఇంజినీరుని నేను. ఉన్నదేమో ఊరికి అవతలి కొసన, హెడ్డాఫీసు మీటింగులో.

"దయచేసి అందరూ ఒకసారి కిందికి దిగండి" అని గ్రూపులో రాసి, దండం బొమ్మ పెట్టి, పక్కన పువ్వు బొమ్మ పెట్టాను.

పువ్వు నా సరదా కాదు. పోయిన నెల మేనేజరు పిలిచి, "నీ మెసేజీలు మొట్టికాయల్లా ఉంటున్నాయమ్మా. ఆడపిల్లవి, కాస్త నవ్వుతూ చెప్పు" అన్నాడు. ఆయన మాత్రం ఒక్క ముక్కలో రాస్తాడు. ఆయనదైతే క్రమశిక్షణ, నాదైతే నోటి దురుసు. ఉద్యోగం కదా, అప్పట్నుంచీ ప్రతి హెచ్చరికకీ ఓ పువ్వు తగిలిస్తున్నాను.

జవాబుగా రెండు గులాబీలొచ్చాయి. "మేడం ఇవాళ హుషారుగా ఉన్నారు" అన్నాడు మేస్త్రీ. దిగినవాడు లేడు. బాబాయ్‌కి చేస్తే ఎత్తడు. పరంజా మీద ఫోన్ మాట్లాడకూడదని రూలు పెట్టింది నేనే మరి. గ్రూపు మాత్రం అందరూ చూస్తారు. సూపర్‌వైజరు ఫోన్ ఎంతకీ కలవలేదు. కుర్చీలో ముళ్లున్నట్టు కూర్చున్నాను.

ఒళ్లు మండి ఈసారి ఒక్క మాటే రాశాను. "దిగండి."

"ఏంటి మేడం అంత కోపం? ఇంట్లో ఏమైనా గొడవా?" మళ్లీ మేస్త్రీయే. దాని కింద నలుగురి నవ్వులు.

మేనేజరు తెర దగ్గర నిలబడి ఏదో వివరిస్తున్నాడు. ఆయన ఫోన్ నా పక్కన బల్లమీద తెరిచే ఉంది. తీసుకుని, గ్రూపులో అదే మాట కొట్టాను. "దిగండి."

"ఓకే సార్." "దిగుతున్నాం సార్." బొటనవేళ్లు బారులు తీరాయి.

గదిలోంచి బయటికొచ్చేసరికి బాబాయ్ ఫోన్ చేశాడు.

"మేం దిగామో లేదో, ఆ మూల ఒరిగిపోయింది తల్లీ. సారు చెప్పబట్టి బతికాం."

"రాసింది నేనే బాబాయ్, ఆయన ఫోన్‌లోంచి."

"నువ్వా?" అన్నాడు.

"అంతకుముందు నా ఫోన్‌లోంచి రాసింది కూడా అదే మాట. చూశావా?"

"చూశానమ్మా" అన్నాడు బాబాయ్. "నీకెవరి మీదో కోపమొచ్చిందనుకున్నా."